ముసాఫిర్ - మిసాఫిర్ : బెర్లిన్ నగరంలో ఒక తుర్కీ భోజనశాల

విదేశాలకు పైచదువులకై వెళ్ళే విద్యార్థులు మా వద్దకు వచ్చినప్పుడు వీసాను గూర్చి, విమానపు టిక్కెట్టును గూర్చి, చలికోటును గూర్చి అడుగుతారు. భోజనాన్ని గూర్చి అడిగేది మాత్రం వారి తల్లులు. "అక్కడ మావాడు ఏమి తింటాడండీ?" అన్న ఆ ప్రశ్నకు మేము చాలాకాలం సరియైన సమాధానం చెప్పలేకపోయాము. 2023 వేసవిలో జర్మనీ రాజధాని అయిన బెర్లిన్ నగరంలో మూడు వారాలు గడిపే అవకాశం మాకు లభించినది. అక్కడ పరిశోధన చేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకరు ఒక సాయంకాలం మమ్ము తుర్కీ భోజనశాలకు తీసుకొని వెళ్ళారు. ఆనాడు తిన్నదీ, విన్నదీ, తిరిగి వచ్చిన పిమ్మట గ్రంథాలయంలో సరిచూచుకొన్నదీ కలిపి ఈ వ్యాసంగా వ్రాస్తున్నాము. ఇది యాత్రాచరిత్ర కాదు. ఒక భాషనూ, కొంత చరిత్రనూ కంచంలో పెట్టుకొని చదివిన పాఠం.

బెర్లిన్‌లో తుర్కీ భోజనశాల ఏమిటని కొందరికి సందేహం కలుగవచ్చును. రెండవ ప్రపంచయుద్ధానంతరం పశ్చిమ జర్మనీలో కర్మాగారాలు శరవేగంతో లేచాయి. పనిచేసే చేతులు చాలలేదు. 1961 అక్టోబరు 30వ తేదీన పశ్చిమ జర్మనీ, తుర్కీ ప్రభుత్వాలు కార్మికుల నియామకానికి ఒడంబడిక చేసుకొన్నాయి. అదే సంవత్సరం ఆగస్టులో బెర్లిన్ నగరాన్ని గోడతో రెండుగా చీల్చారు. గోడకు ఆనుకొని ఉన్న క్రాయిట్స్‌బెర్గ్ అనే పేటలో ఇండ్లు పాతబడి, అద్దెలు పడిపోయాయి. చౌక అద్దె ఎక్కడ ఉంటే అక్కడికే కదా కూలివాడు చేరేది! 1973 నవంబరులో నియామకాలు నిలిపివేసేనాటికి ఎనిమిది లక్షలకు పైగా తుర్కీ కార్మికులు ఆ దేశానికి వచ్చి వెళ్ళారు. వెళ్ళినవారు వెళ్ళగా మిగిలినవారు భార్యాబిడ్డలను రప్పించుకొన్నారు. కర్మాగారాలలో పని తగ్గినప్పుడు కొందరు కూరగాయల కొట్లు, రొట్టెల దుకాణాలు, భోజనశాలలు తెరిచారు. 1989లో గోడ కూలినది. దాని ప్రక్కన వెలసిన వంటిళ్ళు నిలిచి ఉన్నవి.

మేము వెళ్ళినది ఆ పేటలోని ఒక చిన్న హోటలు. తుర్కీలో ఇట్టి దానిని 'లోకంతా' అంటారు. ఇది ఇటాలియన్ భాష నుండి వచ్చిన మాట. ద్వారం ప్రక్కనే అద్దాల వెనుక పెద్ద పళ్ళెరాలలో వండిన పదార్థాలు వరుసగా ఉంటాయి. భాష రానివాడు వేలితో చూపించి తినవచ్చును. మా విద్యార్థి అట్లే చేయబోగా మేము వారించి, వంటల జాబితా అడిగి తెప్పించుకొన్నాము. భాషా ఉపాధ్యాయుల చాపల్యం అట్టిది.

ఆ జాబితా మాకు ఒక విచిత్రమైన అనుభవాన్ని కలిగించినది. 1928లో తుర్కీ ప్రభుత్వం అరబ్బీ లిపిని విడిచి లాటిన్ లిపిని స్వీకరించినది. అందుచేత ఉర్దూ చదువుకొన్నవాడు ఆ పుటను కంటితో చూస్తే ఏమీ తెలియదు. పైకి చదివితే సగం తెలుస్తుంది. చోర్బా అంటే మన షోర్వాయే. పెయ్‌నిర్ అంటే పనీరు, పిలావ్ అంటే పులావు, కోఫ్తే అంటే కోఫ్తా. కియ్‌మా అన్నది మన కీమాయే; కొట్టి ముక్కలు చేయుట అనే అర్థంగల తుర్కీ ధాతువునుండి పుట్టి మన కసాయి కొట్టువరకు నడిచి వచ్చిన మాట ఇది. భోజనానికి ముందు చిన్న చిన్న గిన్నెలలో తెచ్చే రుచులను 'మెజే' అంటారు. ఇది 'రుచి' అని అర్థమిచ్చే ఫారసీ పదం. 'మజా' అని మన తెలుగు పిల్లలు వీధిలో కేకలు వేసే మాట కూడా అదే. పళ్ళెమును 'తబాక్' అంటారు. మన అమ్మమ్మలు తాంబూలం పెట్టి తెచ్చే తబుకు దానికి చుట్టమే. లెక్కను 'హెసాప్' అంటారు. ఇక ఉర్దూ అనే పేరే దండు అని అర్థంగల తుర్కీ పదమని మన విద్యార్థులు ఎరుగుదురు. ఉర్దూ రానివారు నొచ్చుకోనవసరం లేదు; తెలుగువారి 'తుపాకి' కూడా తుర్కీ మూలం కలదే. మన పల్లెలలో తుర్కీ మనిషిని ఎన్నడూ చూడని వృద్ధురాలు సైతం ఆ భాషను కొంత నోట పెట్టుకొని బ్రతికినది.

జాబితా చదువుటకు మూడు అక్షరాలు గుర్తుంచుకొన్నచో చాలును. వారి లిపిలో ఆంగ్లపు 'సి' అక్షరానికి 'జ' అని ఉచ్చారణ. దాని క్రింద చిన్న తోక ఉంటే 'చ'. 'ఎస్' అక్షరం క్రింద తోక ఉంటే 'ష'. ఇది తెలియక మేము పలుచని మాంసపు రొట్టె అయిన లహ్మాజున్‌ను 'లహ్మాకున్' అని అడిగాము. వడ్డించే యువకుడు నవ్వు ఆపుకొనుటకు చాలా ప్రయాస పడ్డాడు.

నవ్వుతో పోయినది సుఖమే. తరువాత జరిగిన దానికి మేము ఇప్పటికీ సిగ్గుపడుతున్నాము. కూర్చున్న క్షణంలోనే ఆ యువకుడు వేడివేడి రొట్టెల బుట్ట, ఉల్లిపాయ ముక్కలతో కొంత ఆకుకూరల పచ్చడి తెచ్చి బల్లపై పెట్టాడు. మేము వాటిని అడుగలేదు. విదేశాలలో అడుగని వస్తువుకు కూడా బిల్లు వేస్తారని ఎవరో భయపెట్టి ఉన్నారు. జేబులో ఉన్నది లెక్క పెట్టుకొన్న డబ్బు. "మాకు వద్దు, తీసుకొనిపోండి" అని బుట్టను చేతితో దూరంగా నెట్టాము. అతని ముఖం ఒక్కసారిగా చిన్నబోయినది. తుర్కీ ఆచారంలో రొట్టె భోజనంతోపాటు ఊరికే వచ్చేది. మన ఇంట విస్తరిలో అన్నం వడ్డించబోగా అతిథి చేయి అడ్డుపెట్టి, "దీని ఖరీదెంత?" అని అడిగినట్లయినది మా పని. మా విద్యార్థి జర్మన్ భాషలో ఏదో సర్దిచెప్పి బుట్టను వెనుకకు రప్పించారు. "సార్, ఇక్కడ మంచినీళ్ళకు డబ్బు ఇవ్వాలి, రొట్టెకు అక్కరలేదు" అని మాతో తెలుగులో మెల్లగా అన్నారు.

మొదట వచ్చినది మెర్జిమెక్ చోర్బాసి, అనగా మసూరు పప్పు చారు. ఎర్రపప్పును మెత్తగా ఉడికించి, నూరి, పైన వెన్నలో కాచిన ఎండుమిరప పొడిని చిలకరిస్తారు. నిమ్మకాయ బద్ద ప్రక్కన పెడతారు. పులుపు లేని లోటును ఆ నిమ్మకాయ తీర్చినది. ఇంటిపై బెంగ పెట్టుకొన్న తెలుగు విద్యార్థికి ఇంతకంటె మందు లేదు. తోడుగా ఐరాన్ అనే పానీయం తెచ్చారు. పేరు విని ఏదో అపూర్వ వస్తువనుకొన్నాము. పెరుగులో నీరు, ఉప్పు కలిపి గిలకొట్టినది, మన మజ్జిగయే. అల్లం, కరివేపాకు లేవు, అంతే భేదం. పెరుగుకు ఐరోపా భాషలన్నిటా వాడే 'యోగర్ట్' అనే మాటను వారికి ఇచ్చినది తుర్కీలే.

శాకాహారులు తుర్కీ భోజనశాల అనగానే వెనుదీయుట పొరపాటు. ఆలివ్ నూనెలో వండి, చల్లార్చి వడ్డించే కూరలు అక్కడ ఒక ప్రత్యేక శాఖ. వానిలో రాజు 'ఇమామ్ బాయిల్దీ'. వంకాయను చీల్చి, ఉల్లి, వెల్లుల్లి, టమాటాలు కూరి, నూనెలో మగ్గబెడతారు. పేరుకు అర్థం 'ఇమాం మూర్ఛపోయాడు' అని. రుచికి మూర్ఛపోయాడని కొందరు, వాడిన నూనె ఖర్చు విని మూర్ఛపోయాడని మరికొందరు కథ చెబుతారు. మన గుత్తివంకాయను తలచుకొంటూ తిన్నాము. పక్షపాతం లేకుండా చెప్పవలెనంటే కారంలో మనది గెలుస్తుంది, మెత్తదనంలో వారిది గెలుస్తుంది. కాని చారులో మాంసపు రసం వాడినారా, అన్నంలో కోడి ఉడికించిన నీరు పోసినారా అన్నది అడిగి తెలుసుకొనవలెను. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ముస్లిం విద్యార్థులకు మరొక సంగతి చెప్పవలసి ఉన్నది. తుర్కీ లిపిలో 'హెలాల్' అని వ్రాస్తారు. హలాల్ అన్న మాటకై గోడలపై వెదికి లేదనుకొని వెనుదిరుగవద్దు. జర్మనీ చట్టం ప్రకారం జంతువును స్పృహ తప్పించకుండా జబహ్ చేయుట సాధారణంగా నిషిద్ధం. హెస్సె రాష్ట్రంలోని ఒక తుర్కీ మాంసవర్తకుడు దీనిపై న్యాయపోరాటం చేయగా, 2002 జనవరి 15న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం మతవిశ్వాసాన్ని అనుసరించి మినహాయింపు పొందే హక్కును గుర్తించినది. అయినను ప్రతి హోటలులోని మాంసం ఒకే రీతిగా వచ్చినదని అనుకొనరాదు. కొన్నిచోట్ల సోంపు వాసన గల రకీ అనే మద్యం కూడా అమ్ముతారు. కొన్నిచోట్ల సీసా కనిపించదు. ఎవరి నిష్ఠ వారిది. విచారించి కూర్చొనుట ఉత్తమం.

ఇక దోనెర్ కబాబును గూర్చి చెప్పకపోతే బెర్లిన్ వెళ్ళినట్లు కాదు. దోనెర్ అంటే తిరిగేది. మాంసపు పొరలను నిలువు కడ్డీకి గుచ్చి, నిప్పు ఎదుట త్రిప్పుతూ, కాలిన అంచును పొడవాటి కత్తితో చెక్కుతారు. 1855లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఛాయాగ్రాహకుడు ఒట్టోమన్ రాజ్యంలో తీసిన చిత్రంలోనే ఈ నిలువు కడ్డీ కనబడుతున్నది. అరబ్బులు దీనిని షవర్మా అన్నారు, గ్రీకులు గైరోస్ అన్నారు. మూడు పేర్లకూ మూలార్థం తిరుగుడే. ఇప్పుడు మన హైదరాబాదు వీధుల మొగలలో సాయంకాలం తిరిగే షవర్మా కడ్డీ కూడా ఆ కుటుంబంలోనిదే. దీనిని రొట్టె నడుమ పెట్టి, కూరగాయలు చేర్చి, నిలుచుండి తినేటట్లు అమ్మిన ఘనత బెర్లిన్ తుర్కీలది. 1972లో కాదిర్ నూర్మాన్ అనే ఆయన దీనిని మొదలుపెట్టినట్లు 2011లో దోనెర్ తయారీదారుల సంఘం గౌరవించినది. పోటీదారులు మరికొందరు లేకపోలేదు. 1989లో బెర్లిన్ అధికారులు దోనెర్‌లో కొట్టిన మాంసం నూటికి 60 పాళ్ళు మించరాదని నియమం పెట్టారు. 2022లో తుర్కీ పక్షాన ఈ వంటకు ఐరోపా సమాఖ్యలో సాంప్రదాయిక ప్రత్యేకతా రక్షణ కోరారు. జర్మనీ అభ్యంతరం చెప్పినది. 2025లో ఆ దరఖాస్తును వెనుకకు తీసుకొన్నారు. ఒక వంట రెండు దేశాలవారు మాదంటే మాది అనే స్థితికి వచ్చినదంటే అది బాగా పెరిగి పెద్దదయినట్లే లెక్క.

కాని ఆ పేరే అవమానానికి కూడా వాడబడినది. 2000 నుండి 2007 వరకు జర్మనీలో ఒక జాత్యహంకార ముఠా పదిమందిని కాల్చి చంపినది. వారిలో ఎనిమిదిమంది తుర్కీ మూలంవారు, ఒకరు గ్రీకు, ఒకరు పోలీసు ఉద్యోగిని. కొందరు హతులు కబాబు దుకాణాలలో పనిచేసేవారు. అంతమాత్రాన పత్రికలు ఆ దారుణాలకు 'దోనెర్ హత్యలు' అని పేరు పెట్టాయి. పూలు అమ్మేవాడు, దర్జీ, కూరగాయల వర్తకుడు, అందరూ ఆ ఒక్క మాటలోకి కుదింపబడ్డారు. అసలు హంతకులెవరో 2011లో బయటపడినది. అంతవరకు హతుల కుటుంబాలనే అనుమానించారు. ఆ మాటను 2011వ సంవత్సరపు 'అపశబ్దము'గా జర్మన్ భాషావేత్తల సంఘం ప్రకటించినది. భాష చదువుకొనే విద్యార్థులు ఈ సంగతిని తెలుసుకొనవలెనని మా అభిప్రాయం.

మేము ఈ విషయాలు మాట్లాడుకొంటూ ఉండగా ప్రక్క బల్లవద్ద ఒంటరిగా కూర్చున్న వృద్ధుడు మా వైపు చూచాడు. మా సంభాషణలో దొర్లిన 'దునియా', 'వక్త్' అనే మాటలు ఆయన చెవిన పడినవట. మా విద్యార్థి లేచి, "రండి అమ్జా" అని పిలిచారు. అమ్జా అంటే తండ్రి సోదరుడు. మన చచా, చిన్నాన్న వంటి పిలుపు. ఆయన తన చాయ్ గ్లాసును పట్టుకొని మా బల్లవద్దకు వచ్చారు.

ఆయన 1971లో, ఇరువది రెండేండ్ల వయస్సులో ఇస్తాంబూలు నుండి రైలులో వచ్చారు. ఇస్తాంబూలులోని నియామక కార్యాలయంలో ఛాతీని పరీక్షించారు, పళ్ళు చూచారు, అరచేతులు త్రిప్పి చూచారు. రెండేండ్లు పనిచేసి, ఊరిలో ఒక ట్రాక్టరు కొనుక్కొనవలెనని వచ్చిన మనిషి. ఆ ట్రాక్టరు కొననే లేదు. జర్మనులు ఆ కార్మికులకు పెట్టిన పేరు 'అతిథి కార్మికులు'.

"మమ్ములను అతిథులన్నారు. అతిథి చేత రాత్రిపాళీ చేయించేవారిని నేను ఇక్కడే చూచాను" అన్నారాయన. ఆ మాటలో కోపం లేదు. అలవాటుగా చెప్పిన మాటవలె ఉన్నది.

అప్పుడు మాకు ఒక మాట తట్టినది. తుర్కీ భాషలో అతిథిని 'మిసాఫిర్' అంటారు. ఉర్దూలో ముసాఫిర్ అంటే బాటసారి. అరబ్బీలో దాని మూలార్థం కూడా ప్రయాణం చేసేవాడనే. అదే పదం మన దగ్గర దారిలో నిలిచిపోగా, తుర్కీల వద్ద ఇంటి గడప దాటి లోపలికి వచ్చినది. మన 'అతిథి' సంగతి చూడండి; తిథి నిర్ణయం లేకుండా వచ్చేవాడని పండితులు వ్యుత్పత్తి చెబుతారు. ఎప్పుడు వస్తాడో తెలియనివాడు ఎప్పుడు పోతాడో కూడా తెలియదు. జర్మనీ ప్రభుత్వం మాత్రం మొదట రెండేండ్ల గడువు పెట్టి ఆహ్వానించినది. ఈ మూడు మాటలను విద్యార్థి జర్మన్‌లోకి మార్చి వినిపించగా ఆ వృద్ధుడు చాలాసేపు తల ఊపారు.

మేము హైదరాబాదునుండి వచ్చామని చెప్పి, ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రె షెహ్వార్, బంధువైన నీలోఫర్ 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం కుమారులను వివాహమాడి మా ఊరి కోడళ్ళయినారనీ, వారి పేర నేటికీ ఆసుపత్రులున్నాయనీ చెప్పాము. ఆయనకు ఆ సంగతి తెలియదు. రాజకుమార్తెలకంటె మా హలీమును గూర్చి చెప్పినప్పుడు ఆయన ముఖం వెలిగినది. గోధుమలు, మాంసం కలిపి గంటలకొద్దీ ఉడికించి దంచే 'కెష్కెక్' వారి పల్లెల పెండ్లిండ్లలో వండుతారు; 2011లో అది యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరినది. దంచేటప్పుడు ఊరివారందరూ వంతులవారీగా రోకలి పట్టేవారని, తాను చివరిసారి రోకలి పట్టినది తన చెల్లెలి పెండ్లిలో అని ఆయన చెప్పారు.

భోజనం ముగిసే వేళకు నడుము సన్నని గాజు గ్లాసులలో పాలు లేని చాయ్ వచ్చినది. హెసాప్ తెమ్మని అడిగాము. రొట్టె విషయంలో చేసిన తప్పు మళ్ళీ చేయరాదని, ఈసారి చాయ్‌కు కూడా డబ్బు లెక్కగట్టి సిద్ధంగా పెట్టాము. వడ్డించిన యువకుడు తల అడ్డంగా ఊపి, "ఇక్రామ్" అన్నాడు. ఇల్లుగలవాడు గౌరవంగా ఇచ్చేదని దాని అర్థం. ఉర్దూ చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇంతకూ ఆ ఇక్రామ్ హోటలువారిది కాదట, వృద్ధునిదట. మేము వద్దనబోగా ఆయన మా చేతిపై చేయి వేసి, "ఈ పూట మిసాఫిర్ మీరు" అన్నారు.

వంట చేసినవారితో చెప్పవలసిన మాట ఒకటి మా విద్యార్థి ముందే నేర్పి ఉంచారు. "ఎలినిజే సాలిక్", మీ చేతులకు ఆరోగ్యం కలుగుగాక అని. మేము వంటింటి కిటికీ వద్ద నిలిచి అది చెప్పాము. ఉచ్చారణ ఎట్లున్నదో గాని లోపలినుండి "ఆఫియెత్ ఓల్సున్" అని బదులు వచ్చినది. ఆఫియత్, మన ఉర్దూ లేఖలలో ఖైరియత్ తరువాత వచ్చే ఆ మాటయే.

ఆ వృద్ధుని మనుమరాలు జర్మన్ పౌరురాలు, ఓటు వేస్తుంది. ఆయన ఎన్నడూ వేయలేదు. జర్మన్ పౌరసత్వం పుచ్చుకొనవలెనంటే తుర్కీ పౌరసత్వం వదలుకొనవలెనన్న నియమం ఆనాటికి ఉండెను. తండ్రి ఇచ్చిన దేశాన్ని కాగితంపై కొట్టివేయుటకు ఆయనకు మనసొప్పలేదు. మేము తిరిగి వచ్చిన మరుసటి సంవత్సరం, 2024 జూన్ 27 నుండి, రెండు పౌరసత్వాలు ఉంచుకొనుటకు జర్మనీ అనుమతించినది. ఆ మొదటి తరం కార్మికులకు వ్రాత పరీక్ష కూడా తీసివేసి, నోటితో మాట్లాడగలిగితే చాలునన్నది. దరఖాస్తు పత్రాలు నింపుటలో మా విద్యార్థి ఆయనకు సహాయం చేశారట. ఏబది ఏండ్ల జీతపు చీటీలు ఒక బిస్కట్ డబ్బాలో భద్రంగా దాచి తెచ్చారని, కార్యాలయంలో వరుస చాలా పెద్దదిగా ఉన్నదని, ఇంకను సమాధానం రాలేదని మాకు వ్రాశారు. శుక్రవారం సాయంకాలాలు మాత్రం ఇరువురూ అదే బల్లవద్ద పప్పు చారు త్రాగుతున్నారట.